చీటీ లేకుండా కళ్లద్దాలు అమ్ముడు నేరం కాదా? పరకాల తమ్ముడికి నాకు తెలిసిన జవాబు

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. తొమ్మిదేండ్ల బిడ్డకు క్లాసుల బోర్డు కనిపిస్తలేదంటే హన్మకొండల ఒక అద్దాల షాపుకు తీస్కపోయినవ్, వాళ్లు కంప్యూటర్ మిషన్‌కు కండ్లు ఆనిచ్చి ఐదు నిమిషాలల్ల మైనస్ రెండుంబావు అని తేల్చి 2,800 తీస్కొని అద్దాలు చేసిచ్చిండ్రు, నెల సంది పిల్ల తలనొప్పి అంటున్నది, వాపసు అడిగితే గోడ మీది బోర్డు చూపిచ్చిండ్రు. డాక్టర్ చీటీ లేకుండా అమ్ముడు నేరం కాదా, నేరమైతే ఎవరు పట్టుకోవాలె, నేను ఎక్కడ కంప్లైంట్ ఇయ్యాలె, ఇదీ నీ ప్రశ్న. నువ్వు అని రాస్తున్నందుకు ఏమనుకోకు, నా కొడుకు ఈడోనివి. నేను ఉమ్మడి వరంగల్ జిల్లా పీహెచ్‌సీలల్ల కంటి ఆఫీసర్‌గ 29 ఏండ్లు చేసి రిటైర్ అయిన, ట్రయల్ బాక్స్ (నంబర్ అద్దాల పెట్టె) మోసుకొని బస్సులల్ల బడులకు తిరిగిన మనిషిని. ఈ విషయం నాకు మస్తు దగ్గరిది, అందుకే కొంచెం పొడుగు రాస్తున్న, ఓపికతోని చదువు.

చట్టం సంగతి తర్వాత, ముందుగాల బిడ్డ సంగతి. చిన్నపిల్లల కన్ను లోపలి లెన్స్ రబ్బరు లెక్క మెత్తగ ఉంటది, దగ్గరిది చూడాలంటే అదే బలం పెట్టి ఫోకస్ చేస్కుంటది, మిషన్ల తల పెట్టి లోపల కనిపించే బొమ్మను చూడుమంటే పిల్లలు తెల్వకుండనే ఆ బలం పెడ్తరు, అప్పుడు లేని మైనస్ నంబర్ వస్తది, ఉన్న మైనస్ ఎక్కువ వస్తది. అందుకే పిల్లలకు మొదటిసారి నంబర్ తీసేటప్పుడు మందు చుక్కలు వేసి, ఆ బలం పెట్టే కండరాన్ని కొద్దిసేపు పడుకోబెట్టి, అప్పుడు చూడాలె. చాన చిన్నపిల్లలకైతే మూడు రోజులు ఇంట్ల మందు పెట్టి రమ్మంటరు. నేను ఒకసారి నర్సంపేట దిక్కు బడిల ఏడో తరగతి పిలగాన్ని చూసిన, షాపోళ్లిచ్చిన మైనస్ రెండున్నర పెట్టుకొని ఏడాది సంది తిరుగుతున్నడు, పెద్ద దవాఖానకు పంపి మందు వేసి చూస్తే అసలు మైనస్సే లేదు, పైపెచ్చు ప్లస్ అర వచ్చింది. ఆ ఏడాదంత వాని కన్ను లేని బరువు మోసినట్టే గదా. వాడు చదువుల ఎనుకబడ్డడని ఇంట్ల కొట్టిండ్రట కూడా, ఇప్పటికీ యాదికొస్తే నాకు పానం మంచిగనిపియ్యది.

ఇంకోటి చూడు, నంబర్ కరెక్టే ఉన్నా అద్దం సెంటర్ తప్పితే తలనొప్పి వస్తది. నీ బిడ్డ వయసుకు రెండు కనుపాపల మధ్య దూరం 54 మిల్లీమీటర్లు ఉందనుకో, షాపాయన కొలువకుండ పెద్దోళ్ల లెక్కల 62కు కోస్తే ఒక్కో కంటికి సెంటర్ 4 మిల్లీమీటర్లు బయటికి జరిగినట్టు. మైనస్ రెండుంబావు నంబర్‌కు ఆ తేడా రెండు కండ్లకు కలిపి దాదాపు 1.8 ప్రిజం (అద్దం చూపును పక్కకు ఎంత వంచుతదో చెప్పే కొలత) అయితది, అంటే బిడ్డ అద్దం పెట్టుకున్నంతసేపు రెండు బొమ్మలను కలిపి ఒక్కటి చేసెతందుకు కండ్లు గుంజుకుంటనే ఉంటయ్. వాళ్లు నీ బిడ్డ ముక్కు మీద స్కేలు పెట్టి కొలిసిండ్రా లేదా యాదికి తెచ్చుకో. కొలువకపోతే నీ కంప్లైంట్‌ల అదే మొదటి మాట.

ఇగ చట్టం. నువ్వు అనుకున్నట్టు, డాక్టర్ చీటీ చూడకుండ కళ్లద్దాలు అమ్మితే నేరం అని మన దేశంల ప్రత్యేకంగ చట్టం లేదు. ఇది వినంగనే చానమంది నమ్మరు, మందుల షాపుకు ఉన్నట్టే దీనికీ ఉంటదనుకుంటరు. కాంటాక్ట్ లెన్సులు కంటి గుడ్డు మీదనే పెట్టేవి గాబట్టి మెడికల్ డివైస్ రూల్స్ కింద వస్తయ్. ఫ్రేముల అద్దాలకు మాత్రం చీటీ చూసినంకనే అమ్మాలె, ఆ చీటీ కాపీ దాచిపెట్టాలె అన్న షరతు లేదు. 2021 మార్చిల పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం వచ్చింది, దాంట్ల ఆప్టోమెట్రిస్టులను (కంటి పరీక్ష చదువు చదివినోళ్లను) గూడ చేర్చిండ్రు, ఎవరు ఎంత చదవాలె, ఎక్కడ రిజిస్టర్ కావాలె అని ఉంది, మంచి చట్టమే. కాని అది మనిషి చదువును, రిజిస్ట్రేషన్‌ను చూస్తది, కౌంటర్ మీద జరిగే అమ్మకాన్ని చూడది. కంటి పరీక్ష చేసేటోడు ఎవడు అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, చీటీ లేకుండా అద్దం అమ్మొచ్చునా అన్న ప్రశ్న మాత్రం అట్లనే ఉండిపోయింది.

వేరే దేశాలల్ల ఎట్ల ఉందో చెప్త, ఎందుకంటే రేపు మనం చట్టం కావాలని అడిగితే ఎట్లాంటిది అడగాలో తెల్వాలె. బ్రిటన్‌ల 1958 నుంచే దీనికి చట్టం ఉంది, ఇప్పుడు నడిచేది 1989ది. అక్కడ కంటి పరీక్ష రిజిస్టరైన ఆప్టోమెట్రిస్టో డాక్టరో మాత్రమే చేయాలె. పెద్దోళ్లకు అద్దాలు ఎవరైనా అమ్మొచ్చు కాని రెండేండ్లలోపు రాసిన చీటీ ఉండాలె. 16 ఏండ్లలోపు పిల్లలకైతే రిజిస్టరైన మనిషి స్వయంగ ఇయ్యాలె, లేకుంటే ఆయన దగ్గరుండి చూస్తుండంగ ఇయ్యాలె. ఇగో ఇక్కడే నాకు నచ్చిన మాట ఒకటుంది, నలభై దాటినోళ్లు పేపర్ చదివెతందుకు పెట్టుకునే రెడీమేడ్ అద్దాలను, రెండు కండ్లకు ఒక్కటే ప్లస్ నంబర్ ఉండి నాలుగు దాటకపోతే, వాటికి చీటీ అక్కర్లేదని వదిలేసిండ్రు. అంటే కట్టె పట్టుకొని అందరినీ కొట్టలే, ప్రమాదం ఎక్కడుందో అక్కడ గట్టిగ పట్టుకున్నరు.

కెనడాల ఒంటారియో రాష్ట్రం సంగతి ఇంకా పనికొస్తది నీకు, ఎందుకంటే అక్కడ జరిగింది నీ కథ లాంటిదే. ఒక అద్దాల షాపుల గొలుసు డాక్టర్ గాని ఆప్టోమెట్రిస్ట్ గాని లేకుండ మిషన్‌తోని ఫ్రీగ నంబర్ తీసి అద్దాలు అమ్మింది, ఆప్టోమెట్రిస్టుల కాలేజీ (బడి కాదు, వాళ్ల లైసెన్సులు చూసే సంస్థ) కోర్టుకు పోయింది, కోర్టు 2003ల ఆపుమని ఆర్డర్ ఇచ్చింది, షాపులోళ్లు ఆపలే, 2006ల కోర్టు ధిక్కారం కింద 10 లక్షల డాలర్ల జరిమానా పడ్డది. చూడు, చట్టం స్పష్టంగ ఉండి, వెంటపడే సంస్థ ఉండి, లాయర్లు ఉండి కూడ ఒక్క యజమానిని పట్టుకునెతందుకు అన్నేండ్లు పట్టింది. అదే దేశంల బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2010ల రూటు మార్చి, చీటీ చూపియ్యకుండనే ఆన్‌లైన్‌ల అద్దాలు కొనుక్కునే వీలు ఇచ్చింది. ఒక్క దేశంల రెండు దారులు. అమెరికాల ఇంకో మాట, 1978 నుంచి అక్కడ రూల్ ఏందంటే కంటి పరీక్ష అయిపోంగనే డాక్టర్ చీటీని పేషెంట్ చేతిల పెట్టాలె, అడిగినా అడగకపోయినా, పైసలు ఎక్కువ తీస్కోకుండ.

ఈ అమెరికా రూల్ మనకు అన్నిటికంటే ముందు కావాలె అని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే మన దగ్గర తప్పు షాపోళ్లదొక్కటే కాదు. చాన దవాఖానలల్ల డాక్టర్ నంబర్ తీసి చీటీ పేషెంట్‌కు ఇయ్యరు, కింద కౌంటర్‌కు పంపిస్తరు, అక్కడనే ఫ్రేమ్ చూస్కోమంటరు. పేషెంట్ చేతిల చీటీ లేదు, చీటీ మీద కనుపాపల దూరం రాయరు, ఆర్నెల్లకు అద్దం పలిగితే ఆ మనిషి ఎక్కడికి పోవాలె? పక్క సందుల షాపుకే గదా, ఆ షాపాయన మిషన్‌ల మళ్ల చూస్తడు. చీటీ లేకుండా అమ్ముడు ఇట్లనే అలవాటైంది. నువ్వు డాక్టర్ దగ్గర నీ రికార్డు అడిగితే 72 గంటల లోపల ఇయ్యాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలల్ల రాసి ఉంది, ఇది గుర్తు పెట్టుకొని మర్యాదగ అడుగు.

నీకు చట్టం లేదని చెప్పిన గాని దారి లేదని చెప్పలే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, 2020 జులై 20 నుంచి నడుస్తున్నది, నీ కేసుకు అది సరిపోతది. బిల్లు ఇయ్యకపోవుడు దాంట్ల అన్యాయమైన వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లు మీద రాసిన గడువుల, గడువు రాయకపోతే 30 రోజులల్ల, వాపసు తీస్కొని పైసలియ్యకపోవుడు కూడ అదే కిందికి వస్తది. గోడ మీద “ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని రాసుకున్నంత మాత్రాన ఆ చట్టం మాయం కాదు. షాపాయన ఏమంటడో నాకు తెలుసు, “సార్, అద్దం మీ పాప నంబర్‌కే కోసినం, ఇంకెవరికీ పనికిరాదు” అంటడు. ఆ నంబర్ తీసిందెవరు? నువ్వు చీటీ తీస్కపోయి ఆ నంబర్ చేయమంటే అది నీ బాధ్యత, పరీక్ష వాళ్లే చేసి నంబర్ వాళ్లే తేల్చిండ్రు గాబట్టి అద్దమే కాదు, పరీక్ష కూడ వాళ్లు నీకు అమ్మిన సేవే, దాంట్ల లోపముంటే వాళ్లదే. పరీక్ష ఫ్రీ అని బోర్డు పెట్టినా సరే, నువ్వు 2,800 కట్టింది ఆ నంబర్ నమ్మే గదా.

అయితే ఇదంత కాగితం మీద నిలబడాలె. నేను చూసిన గొడవలల్ల మనోళ్లు నూటికి తొంబైమంది నోటితోని పోట్లాడి ఇంటికొస్తరు, చేతిల ఒక్క కాగితం ఉండది. నీ దగ్గర బిల్లు ఉందా? దాని మీద నంబర్ రాసి ఉందా? ఫోన్‌పేల కట్టినవా, అయితే ఆ రికార్డు కూడ సాక్ష్యమే, తేదీ పేరు అన్నీ ఉంటయ్. మిషన్‌ల నుంచి చిన్న పట్టీ కాగితం వచ్చి ఉంటది, దాన్ని ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే అడిగి ఫోటో తీస్కో, ఆ మిషన్ పట్టీ చీటీ కాదు అన్నది మొదలే తెల్సుకో, అది ఒక అంచనా మాత్రమే, దాని తర్వాత ట్రయల్ ఫ్రేమ్ (నంబర్ అద్దాలు మార్చి మార్చి చూసే ఫ్రేమ్) పెట్టి ఆరు మీటర్ల దూరంల అక్షరాల చార్టు చదివిచ్చి ఒక్కో కన్ను వేరేగ చూసినంకనే నంబర్ తేలుతది. ఆ తర్వాత నీ బిడ్డ అద్దాలను పట్టుకొని డాక్టర్ దగ్గర గాని, నమ్మకమున్న వేరే షాపుల గాని లెన్సోమీటర్ (అద్దం నంబర్ కొలిచే మిషన్) మీద పెట్టిచ్చి ఎంత నంబరుంది, సెంటర్లు ఎంత దూరంల ఉన్నయ్ రాయించుకో. కొత్తగ డాక్టర్ రాసిన చీటీ ఒక పక్క, ఈ కొలత ఒక పక్క పెడితే ఎవరికీ వివరం చెప్పే పని ఉండది, తేడా అదే మాట్లాడ్తది.

ఇవి చేతిల పెట్టుకొని ముందు షాపుకు ఒక ఉత్తరం రాయి, పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు, తెలుగుల ఒక్క పేజీ, ఫలానా తేదీన ఇంత పెట్టి కొన్న, మీరే పరీక్ష చేసిండ్రు, డాక్టర్ చూస్తే నంబర్ ఇంత, పైసలు వాపసు ఇయ్యండి, 15 రోజులు చూస్త అని. స్పీడ్ పోస్ట్‌ల పంపి రసీదు దాచిపెట్టు. నాకు తెల్సిన ఇద్దరికి ఈ ఉత్తరంతోనే పైసలు తిరిగొచ్చినయ్, గడప దాటలే. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయి, తెలుగుల మాట్లాడొచ్చు. అది గూడ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయర్ లేకున్నా నువ్వే వాదించుకోవచ్చు, కొన్న దగ్గరనే కాదు నువ్వు ఉండే జిల్లాల గూడ వేయొచ్చు, రెండేండ్ల లోపల వేయాలె. పోలీస్ స్టేషన్‌కు పోకు, అక్కడ దీనికి సెక్షన్ లేదు, వాళ్లు పంచాయతీ చేసి పంపిస్తరు, రోజు పోతది.

ఇంకో మాట, నీ పోస్టు కింద కొందరు “ఫుట్‌పాత్ మీద అద్దాలు అమ్మేటోళ్లందరినీ బంద్ చేయాలె” అని రాసిండ్రు, దానికి నేను ఒప్పుకోను. వరంగల్ చౌరస్తాల, మేడారం జాతరల, అంగడిల ప్లస్ నంబర్ అద్దాలు పరిచి అమ్మేటోళ్లను ఎల్లగొడితే నష్టపోయేది ఎవరో తెలుసా? జగిత్యాల, నిజామాబాద్ దిక్కు బీడీలు చుట్టే అక్కలు. సిరిసిల్లల పోగు తెగితే ముడి వేసే నేతన్నలు. మిరప తొడిమలు తీసే కూలీలు. నలభై దాటితే చత్వారం అందరికీ వస్తది, సూదిల దారం ఎక్కది, బీడీ ఆకు కత్తిరిచ్చుడు ఆలస్యమైతది, కూలి తగ్గుతది. అస్సాం తేయాకు తోటలల్ల 40 దాటిన 751 మంది కార్మికుల మీద పరీక్ష చేసి 2018ల వివరాలు వేసిండ్రు, దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినోళ్ల పని అద్దాలు లేనోళ్ల కంటే 21.7 శాతం ఎక్కువ పెరిగింది. అసొంటి అద్దానికి డాక్టర్ చీటీ తెమ్మంటే ములుగు లోపలి గూడెం నుంచి ఒక ముసలమ్మ ఒక్క రోజు కూలి పోగొట్టుకొని బస్సు కిరాయి పెట్టుకొని రావాలె, రాదు, చూపు లేకుండనే బతుకుతది.

మన తెలంగాణ సర్కారు కంటి పరీక్షల పథకం కంటి వెలుగుల కూడ ఇదే తేడా పాటించినం. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌ల మొదలైంది, రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంల. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడనే పెట్టిచ్చి పంపినం, సిలిండర్ (కంటి వంపు తేడాకు పెట్టే నంబర్), మైనస్ ఉన్నోళ్లకు మాత్రం నంబర్ రాసుకొని అద్దాలు చేపిచ్చి తర్వాత ఇచ్చిండ్రు. ఇంకో ఉదాహరణ, ఎల్ వి ప్రసాద్ కంటి దవాఖానోళ్లు 1996ల ముథోల్‌ల సెంటర్ పెట్టిండ్రు, ఊర్ల దగ్గర విజన్ సెంటర్లల్ల అక్కడి యువతకే ట్రైనింగ్ ఇచ్చి పరీక్షలు చేపిస్తరు, డాక్టర్ అవసరమైనోళ్లను పైకి పంపిస్తరు. పరీక్ష డాక్టరే చేయాలని నేను అంటలేను, నేను డాక్టర్‌ను కాదు. నేర్చుకున్నోడు చేయాలె, ఏది తన చేతిల లేదో తెల్సినోడు చేయాలె, చేసింది రాసి పేషెంట్ చేతిల పెట్టాలె.

ఎందుకు ఇంత చెప్తున్ననంటే ఒక మనిషి ఎప్పుడూ నా కండ్ల ముందే ఉంటడు. వర్ధన్నపేట దిక్కు రైతు, యాభై దాటినయ్, రెండేండ్లల్ల మూడుసార్లు అద్దాలు మార్చిండు, మూడు సార్లూ ఒక షాపుల మిషన్ మీదనే, ప్రతిసారి కొత్త నంబర్, కొత్త పైసలు. నా దగ్గరికి క్యాంపుకు వచ్చేసరికి ఎదురుంగ ఉన్నది కనిపిస్తది గాని పక్కల కనిపియ్యది, పొలం గట్టు మీద నడుస్తుంటే పడిపోతున్న అన్నడు. నీటికాసులు, అంటే గ్లాకోమా. లోపల నరం ఎండిపోయింది, నొప్పి ఉండది, ఎరుపు ఉండది, నంబర్ మిషన్‌కు అది కనిపియ్యది. పోయిన చూపు తిరిగి రాదు. మొదటిసారి షాపుకు పోయినప్పుడే ఎవరన్న కంటి ప్రెషర్ చూపిచ్చుకో అని ఒక్క మాట చెప్పుంటే సగం చూపన్న మిగిలేది. షుగర్ ఉన్నోళ్లది ఇంకో తీరు, షుగర్ ఎక్కినప్పుడు ఒక నంబర్, దిగినప్పుడు ఒక నంబర్ వస్తది, షుగర్ కంట్రోల్ కాకముందే అద్దాలు చేపిస్తే నెలకే పనికిరావు. అమ్మేటోనికి ఇది తెల్వకపోతే అతను అద్దం అమ్మినట్టు గాదు, రోగాన్ని మూసిపెట్టినట్టు.

అందుకే నన్నడిగితే మన రాష్ట్రంల పెట్టాల్సిన రూల్ చిన్నదే. పదహారు లోపు పిల్లలకు చీటీ లేకుండ, మందు వేసి చూడకుండ మొదటి అద్దం ఇయ్యొద్దు. సిలిండర్ ఉన్నా మైనస్ ఉన్నా ప్రతి బిల్లు మీద నంబర్, కనుపాపల దూరం, పరీక్ష చేసిన మనిషి పేరు, రిజిస్ట్రేషన్ రాయాలె. చీటీ కాపీ షాపుల దాయాలె. రెడీమేడ్ ప్లస్ అద్దాలను ముట్టొద్దు గాని డబ్బా మీద “చూపు మసకైతే, పక్క చూపు తగ్గితే కంటి దవాఖానకు పోండి” అని తెలుగుల రాయాలె. అమలు చేసేటోడు ఎవరో చట్టంలనే పేరు రాయాలె, లేకుంటే హెల్త్ డిపార్ట్‌మెంటోళ్లు మాది కాదంటరు, తూనికలు కొలతలోళ్లు మాది కాదంటరు. షాపు మీద దాడి చేసెతందుకు పెద్ద బలగం అక్కర్లేదు, మామూలు కస్టమర్ లెక్క ఒక పిల్లను తీస్కపోయి కొని బిల్లు చూస్తే చాలు, బిల్లు మీద పైవన్నీ ఉంటే ఉన్నట్టు, లేకుంటే కేసు అక్కడనే తయారైనట్టు.

నీ పని ఇప్పుడు ఇది. ఈ వారంలనే బిడ్డను వరంగల్ ప్రాంతీయ కంటి దవాఖానకు తీస్కపో, పొద్దున్నే పో, ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే చిన్నపిల్ల, మొదటిసారి నంబర్, మందు వేసి చూడాలె అని చెప్పు. ఇప్పుడున్న అద్దాలు వెంట పట్టుకపో. మందు వేసినంక ఎండ పడనియ్యదు, పుస్తకం మసకగ కనిపిస్తది, బిడ్డకు ముందే చెప్పు, లేకుంటే కండ్లు పోయినయని ఏడుస్తది, ఆ రోజు బడికి పంపకు, టోపీ పెట్టి తీస్కరా. ఒక్కో కన్నుకు చూపు వేరేగ రాయమను, ఒక కన్ను రెండో దానికంటే ఎనుకబడి ఉంటే అది సోమరి కన్ను కావచ్చు, తొమ్మిదేండ్లంటే ఆలస్యమే గాని చేతులెత్తేసే వయసు కాదు, డాక్టర్‌ను గుచ్చిగుచ్చి అడుగు. చీటీ మీద కనుపాపల దూరం రాయించుకోకుండ అక్కడినుంచి లేవకు. నంబర్ ఎంత వచ్చిందో నాకు రాయి, షాపుకు రాసే ఉత్తరం మనిద్దరం కలిసి రాద్దాం.